‘సాదా పిల్ల’ తీసిన సినిమాలు

అందమైన పిల్ల, అందం లేని పిల్ల - ఈ ఇద్దరూ పక్కపక్కన నిలబడకపోతే షాంపూ కంపెనీల వ్యాపారం సాగదు. మన దగ్గరా అంతే, అమెరికాలోనూ అంతే. 1970ల మొదట్లో అక్కడ అలాంటి ప్రకటన ఒకటి తీశారు. అందమైన పిల్ల ఫారా ఫాసెట్. తర్వాత ఆవిడ జుట్టు చూసి ఎంతమంది ఆడపిల్లలు అలాగే కత్తిరించుకున్నారో లెక్కలేదు. పక్కన నిలబడ్డ రెండో పిల్ల పెనీ మార్షల్. లైట్లు సర్దుకునేటప్పుడు నటులకు బదులు వేరే మనుషుల్ని నిలబెడతారు గదా, వాళ్ళకు గుర్తు కోసం అట్టలు తగిలించారు. ఒక అట్ట మీద ‘అందగత్తె’ అనీ, రెండో దాని మీద ‘అనాకారి’ అనీ రాసి ఉంది. ఫారా అది చూసి నొచ్చుకుని, ‘అనాకారి’ కొట్టేసి ‘సాదా పిల్ల’ అని దిద్దిందట.

మంచి మనసే, కాదనను. కానీ తన అట్ట మీది మాటను మాత్రం దిద్దలేదు చూశారా! దిద్దవలసిన పనీ లేదు లెండి.

ఆ సాదా పిల్ల దర్శకురాలైంది. హాలీవుడ్‌లో ఒక స్త్రీ తీసిన సినిమా ఒక్క అమెరికాలోనే పది కోట్ల డాలర్లు దాటి వసూలు చేయడం ఆవిడతోనే మొదలు. సినిమా పేరు ‘బిగ్’, సంవత్సరం 1988. మనకు భానుమతి, సావిత్రి, విజయనిర్మల తెలుసు గనుక నటి దర్శకత్వం చేపట్టిందంటే నోళ్ళు తెరవం. అక్కడ ఆ రోజుల్లో అది వింతే. అందులోనూ టీవీలో కిందా మీదా పడి నవ్వించే నటి! ఆవిడ సినిమాలకు టీవీ వాసన వదల్లేదనీ, కన్నీళ్ళు కాస్త ఎక్కువగానే కార్పిస్తుందనీ ఒక మాట ఉంది. ఆ వాసనే ఆవిడ బలమని నేనంటాను. అది ఎక్కడ బలమైందో, ఎక్కడ చేతులెత్తేసిందో రెండూ చెబుతాను, తీరిగ్గా వినండి.

పెనీ 1943లో న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్‌లో పుట్టింది. తల్లి మార్జరీ డాన్సు టీచరు. అడుగున లోహపు బిళ్ళలు బిగించిన బూట్లతో టకటకలాడించే టాప్ డాన్సు నేర్పేది, తాము అద్దెకున్న పెద్ద భవనం నేలమాళిగలో. సొంత కూతురు గనుక పెనీకి ఆ పాఠం తప్పించుకునే దారే లేకపోయింది. 2012లో రాసుకున్న ఆత్మకథకు ‘మై మదర్ వాజ్ నట్స్’ అని పేరు పెట్టింది. అంటే ‘మా అమ్మకు పిచ్చి’ అని. అమ్మ మీద కోపమూ, అమ్మ లేకపోతే తనకేమీ రాదన్న ఎరుకా, రెండూ ఆ పేరులో ఉన్నాయి.

న్యూ మెక్సికోలో కాలేజీ చదువుతుండగా నెల తప్పింది. ఫుట్‌బాల్ ఆడే కుర్రవాడితో హడావుడిగా పెళ్ళి, 1964లో కూతురు ట్రేసీ, కొద్ది కాలానికే విడాకులు. చదువు అటకెక్కింది. గుమాస్తా పని చేసింది. వద్దనుకున్న ఆ డాన్సే నాలుగు డబ్బులకు నేర్పింది. చివరికి లాస్ ఏంజెలెస్‌లో ఉన్న అన్న దగ్గరికి చేరింది. అన్న గ్యారీ మార్షల్ అప్పటికే టీవీ రచయితగా స్థిరపడ్డవాడు. తర్వాత ‘ప్రెటీ వుమన్’ తీసినవాడు ఆయనే. ఇంకేం, అన్న చలవతో పైకొచ్చిందని అన్నవాళ్ళు అన్నారు. అన్న చలవ ఉన్న మాట నిజమే. తలుపు తీసింది అన్నే కావచ్చు గానీ, వారం వారం దేశాన్ని టీవీ ముందు కూర్చోబెట్టింది అన్న కాదు గదా!

అమెరికా టీవీలో వారానికోసారి వచ్చే అరగంట హాస్య నాటికను సిట్‌కామ్ అంటారు. అవే పాత్రలు, అదే ఇల్లు, వారానికో కొత్త చిక్కు. చాలా వాటిని ఎదురుగా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి, మూడు కెమెరాలతో నాటకంలా ఆడుతూ తీస్తారు. 1976 జనవరిలో ఏబీసీలో మొదలైన ‘లవెర్న్ అండ్ షర్లీ’ అలాంటిదే. మిల్వాకీలో బీరు ఫ్యాక్టరీలో సీసాలకు మూతలు వేసే ఇద్దరు పడుచులు ఒకే వాటాలో కాపురం ఉంటారు. పెనీ లవెర్న్, సిండీ విలియమ్స్ షర్లీ. లవెర్న్ ఏ స్వెటర్ వేసుకున్నా దాని మీద ‘ఎల్’ అక్షరం కుట్టి ఉంటుంది. పాలలో పెప్సీ కలుపుకు తాగుతుంది. (నేను ప్రయత్నించలేదు. మీరూ వద్దు.) 1977-78, 1978-79 సీజన్లలో ఆ దేశంలో అన్నిటికన్నా ఎక్కువమంది చూసిన టీవీ కార్యక్రమం ఇదే.

అప్పట్లో టీవీ ఆడవాళ్ళలో గృహిణులు ఎక్కువ, అందగత్తెలు ఎక్కువ. గంట కొట్టగానే పనికి పరుగెత్తి, సాయంత్రం కాళ్ళు పీకుతూ ఇంటికొచ్చే వాళ్ళు తక్కువ. వీళ్ళిద్దరూ అలాంటి వాళ్ళు. దానికి తోడు పడటం, జారటం, గోడకు గుద్దుకోవటం - మగ హాస్యగాళ్ళ సొత్తనుకునే మోటు హాస్యమంతా వీళ్ళు చేశారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించే సంగతి వేరే ఉంది. షర్లీ ఏదో తెలివితక్కువ పని చేస్తూ ఉంటుంది. లవెర్న్ మాట్లాడదు, ఊరికే చూస్తూ ఉంటుంది. నవ్వు ఆ చూపు దగ్గర పేలుతుంది. పడ్డ మనిషిని చూసి మనం సగమే నవ్వుతాం. పడుతున్న మనిషిని చూస్తున్న స్నేహితురాలి మొహం చూసి మిగతా సగం. ఎదురుగా ప్రేక్షకులు కూర్చుని ఉంటే ఈ లెక్క అక్కడికక్కడే తేలిపోతుంది. పక్కనున్న మనిషి మొహంలో ఏముంటుందో పెనీ మార్షల్ అక్కడే కనిపెట్టిందని నా ఊహ. షాంపూ ప్రకటన నాటి నుంచీ పక్కన నిలబెట్టిన పిల్లే గనుక, ఆ చోటి విలువ ఇంకొకరు చెప్పాలా?

1982లో గర్భవతిగా ఉన్న సిండీకి, పని వేళల విషయంలో నిర్మాతలతో తగువు వచ్చి తప్పుకుంది. చివరి సీజన్ చాలా భాగం షర్లీ లేకుండానే నడిచింది. పేరు మాత్రం ‘లవెర్న్ అండ్ షర్లీ’యే! 1983లో ముగిసింది. ఈ లోపల పెనీ కొన్ని భాగాలకు తనే దర్శకత్వం వహించింది. సిట్‌కామ్ నుంచి దర్శకత్వంలోకి వెళ్ళిన వాళ్ళలో ఆవిడ ఒంటరి కాదు. అన్నగారి ‘హ్యాపీ డేస్’లో నటించిన రాన్ హోవర్డ్, ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’లో నటించిన రాబ్ రైనర్ ఇద్దరూ అదే దారి. రాబ్ రైనర్ పెనీకి రెండో భర్త కూడా. 1971లో పెళ్ళి, పదేళ్ళకు విడాకులు.

మొదటి సినిమా 1986లో వచ్చిన ‘జంపిన్ జాక్ ఫ్లాష్’. ఇంకో దర్శకుడు మొదలుపెట్టి వదిలేసిన దాన్ని తలకెత్తుకుంది. వూపీ గోల్డ్‌బర్గ్ కోసం ఒకసారి చూడొచ్చు. అంతకు మించి చెప్పేదేమీ లేదు.

రెండోది ‘బిగ్’. జాష్ అనే పన్నెండేళ్ళ కుర్రాడు జాతరలో కోరికలు తీర్చే యంత్రం ముందు నిలబడి, పెద్దవాణ్ణయిపోవాలని కోరుకుంటాడు. తెల్లారేసరికి ముప్ఫయ్యేళ్ళ మగవాడి ఒళ్ళు, లోపల అదే పిల్లవాడు. ఆ ఒకటి రెండేళ్ళలోనే హాలీవుడ్‌లో ఇలా ఒళ్ళు మారిపోయే కథలు మరి రెండు మూడు వచ్చాయి. వాటి పేర్లు ఇవాళ ఎవరికి గుర్తున్నాయి? ‘బిగ్’ నిలవడానికి సగం కారణం టామ్ హాంక్స్, సగం పెనీ పద్ధతి. పెద్ద జాష్ చేయవలసిన సన్నివేశాలను ముందు చిన్న జాష్‌గా వేసిన డేవిడ్ మాస్కో చేత చేయించి, వీడియో తీసి, హాంక్స్‌కు చూపించింది. పిల్లల్లా చెయ్యమంటే పెద్ద నటుడు వెకిలిగా చేస్తాడు. ఫలానా పిల్లవాడిలా చెయ్యమంటే చచ్చినట్టు గమనించాలి. విందులో చిన్న మొక్కజొన్న కంకిని, మనం పెద్ద కంకిని కొరుక్కుతిన్నట్టు వరసగా కొరుకుతాడు చూడండి, అది హాస్యం కోసం చేసినట్టే ఉండదు.

బొమ్మల దుకాణంలో నేల మీద పరిచిన పెద్ద పియానో మెట్ల మీద హాంక్స్, ముసలి యజమానిగా రాబర్ట్ లోజియా కలిసి గెంతుతూ పాట వాయించే ఘట్టం చూడని వాళ్ళు కూడా విని ఉంటారు. డూపులు లేకుండా ఇద్దరూ తామే గెంతారు. అక్కడ కెమెరా వెనక్కి జరిగి మనిషిని తల నుంచి పాదం దాకా చూపిస్తుంది. నేలమాళిగలో ఆ తల్లి నేర్పిన పాఠం ఊరికే పోలేదు. డాన్సులో కాళ్ళు కనిపించకపోతే ఇక చూసేదేముంది?

ఇంతవరకూ భేషుగ్గా ఉంది. కానీ ఆ సినిమాలో నాకు గొంతు దిగని సంగతి ఒకటుంది. జాష్ తల్లి మాటేమిటి? తెల్లారి లేచి చూస్తే ఇంట్లో ఎవడో అపరిచితుడు, కొడుకు కనిపించడు. వీడే ఎత్తుకుపోయాడనుకుంటుంది. వారాల తరబడి ఆవిడ ఏం తిన్నదో, ఎలా పడుకున్నదో సినిమాకు పట్టదు. మధ్యలో జాష్ ఫోన్ చేస్తాడు. నా కొడుకు బతికే ఉన్నాడని రుజువేమిటంటే, చిన్నప్పుడు ఆవిడ పాడిన పాటను మగగొంతుతో పాడి వినిపిస్తాడు. హాల్లో నవ్వులు. నాకు నవ్వు రాలేదు. ఆ ఫోన్ అవతలి మొహం మీద ఇంకో పావు నిమిషం కెమెరా ఉంచితే సినిమా దెబ్బతినేదా? పక్కనున్న మనిషిని చూడటమే తెలిసిన దర్శకురాలు, అందులోనూ ఒంటరిగా కూతుర్ని సాకిన తల్లి, ఇక్కడ చూపు తిప్పుకుంది. సూజన్ అనే ప్రియురాలితో సంబంధమూ అంతే. ఆ మగవాడి ఒంట్లో ఉన్నది పదమూడేళ్ళ పిల్లవాడని తెలిశాక ఆ స్త్రీ మనసు ఏమైపోవాలి? దాన్ని ఎక్కువ తడమకుండా దాటేశారు. దాటేసినా, చివర్లో వదులైపోయిన సూటులో ఇంటి వైపు నడిచే పిల్లవాణ్ణి కారు దగ్గర నుంచి చూసే సూజన్ మొహం చూపించారు. అక్కడ మాత్రం మళ్ళీ మన పెనీ కనిపించింది.

‘బిగ్’లో తల్లికి పడ్డ బాకీ తర్వాతి సినిమాలో తీర్చిందేమో అనిపిస్తుంది. ‘అవేకెనింగ్స్’ 1990లో వచ్చింది. డాక్టరు ఆలివర్ శాక్స్ 1973లో రాసిన పుస్తకం ఆధారం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ప్రబలిన ఒక రకం మెదడువాపు జబ్బు వల్ల దశాబ్దాల పాటు శిలల్లా ఉండిపోయిన రోగులు, 1969లో ఎల్-డోపా అనే కొత్త మందుతో లేచి నడిచారు. కొన్నాళ్ళకే మందు పట్టు తప్పింది. ఇది జరిగింది బ్రాంక్స్ ఆసుపత్రిలో, పెనీ పుట్టిన చోటే. రోగి లెనార్డ్‌గా రాబర్ట్ డి నీరో, డాక్టరుగా రాబిన్ విలియమ్స్.

అందరూ డి నీరో గురించే మాట్లాడతారు. మీరు రూత్ నెల్సన్‌ను చూడండి. లెనార్డ్ తల్లి వేషం. కదలని కొడుక్కి ఏళ్ళ తరబడి తినిపించి, ఒళ్ళు తుడిచి, నడివయసు వచ్చినా వాణ్ణి పసివాడిలాగే చూసుకున్న ముసలావిడ. కొడుకు లేచాడు. ఆనందమే. ఆ తర్వాత? లేచినవాడు పసివాడు కాదు, మగవాడు. పాలా అనే అమ్మాయిని చూసి ఇష్టపడతాడు. తల్లికి అది సహించదు. ఇరవై నాలుగు గంటలూ తన చేతిలో ఉన్న మనిషి చేజారుతున్నాడు. మంచానపడ్డ వాళ్ళకు ఏళ్ళ తరబడి చేసిన ఆడవాళ్ళు మన ఇళ్ళలో ఎంతమంది లేరు? ఆ సేవ ఒకనాటికి జీవితమే అయిపోతుందనీ, సేవ అక్కర్లేని రోజు వస్తే చేతులు ఏం చెయ్యాలో తోచవనీ చెప్పే సినిమాలు మాత్రం నేను ఎక్కువ చూడలేదు. ఆ తల్లి ఒకచోట అంటుంది: కొడుకు ఆరోగ్యంగా పుట్టినప్పుడు నాకెందుకీ అదృష్టమని అడగలేదు గానీ, జబ్బు పడినప్పుడు మాత్రం నాకే ఎందుకని అడిగానని. నెల్సన్ ఆ మాట ఎంత పొడిగా అంటుందో!

మందు వికటించి లెనార్డ్ ఒళ్ళంతా వణికిపోయే రోజుల్లో, ఇక మనం కలుసుకోవద్దని చెప్పబోతే, పాలా అతని చేతులు పట్టుకుని డాన్సు చేయిస్తుంది. వణుకు ఆగుతుంది. మళ్ళీ డాన్సే! చివర్లో డాక్టరు నర్సును కాఫీకి పిలవడం నాకంత నచ్చలేదు. అంత చేదు తాగించాక నోట్లో పంచదార పోసినట్టుంది.

ఆ సినిమా ఆస్కార్ ఉత్తమ చిత్రం పోటీలో నిలిచింది. డి నీరో నటనకూ, స్క్రీన్‌ప్లేకూ కూడా పిలుపు వచ్చింది. దర్శకుల జాబితాలో మాత్రం పెనీ పేరు లేదు. తనంతట తనే తయారైన సినిమా కాబోలు! అప్పటికి ఆస్కార్ చరిత్ర మొత్తం మీద ఆ జాబితాకు ఎక్కిన స్త్రీ ఒక్కరే, ఇటలీకి చెందిన లీనా వెర్ట్‌ముల్లర్.

చివరి కథాచిత్రం ‘రైడింగ్ ఇన్ కార్స్ విత్ బాయ్స్’ 2001లో తీసింది. చిన్న వయసులో తల్లయి చదువు పోగొట్టుకున్న అమ్మాయి కథ. ఇంకొకరి ఆత్మకథే అయినా, ఈవిడ ఎందుకు ఎన్నుకుందో వేరే చెప్పక్కర్లేదు. అంతగా ఆడలేదు. తల్లి కావడం వల్ల తన బతుకు పాడైందని పైకి అనే తల్లిని జనం సినిమాలో కూడా క్షమించరు. 2009లో బయటపడిన క్యాన్సరును గెలిచిన పెనీ, 2018 డిసెంబరులో డెబ్భై అయిదో ఏట పోయింది.

ఆవిడ సినిమాల్లో ఒక్కటే చూసే తీరిక ఉందంటే 1992 నాటి ‘ఎ లీగ్ ఆఫ్ దెయిర్ ఓన్’ చూడమంటాను. బేస్‌బాల్ మన క్రికెట్‌కు దాయాది లాంటి ఆట. రెండో ప్రపంచ యుద్ధంలో మగ ఆటగాళ్ళు సైన్యంలోకి వెళ్ళిపోతుంటే, 1943లో ఆడవాళ్ళ బేస్‌బాల్ లీగు పెట్టారు. 1954 దాకా నడిచి, తర్వాత అందరూ మరిచిపోయారు. టీవీలో దాని మీద ఒక డాక్యుమెంటరీ చూసి పెనీ ఈ సినిమాకు పూనుకుంది. పొట్టి గౌన్లలో ఆడాలి, జారితే తొడలు దోక్కుపోవాలి. అయినా పెదవులకు రంగు చెరగకూడదు, నడక నేర్పే పాఠాలకు వెళ్ళాలి. ఇదంతా నిజంగా జరిగిందే.

అందులో మార్లా అనే పిల్ల ఉంది. బంతి కొడితే కిటికీ అద్దాలు పగలాలి, మొహం మాత్రం సాదా. ఆటగత్తెల్ని ఏరడానికి వచ్చినవాడు ఆట చూసి ముచ్చటపడి, మొహం చూసి వద్దంటాడు. తల్లి లేని పిల్ల, నాకు తెలిసినట్టు మగపిల్లవాడిలా పెంచానని తండ్రి బతిమాలుతాడు. డాటీ, కిట్ అనే అక్కచెల్లెళ్ళిద్దరూ చేతిలో పెట్టెలు కింద పెట్టేసి, ఆ పిల్ల రాకపోతే మేమూ రామంటారు. షాంపూ ప్రకటన నాటి అట్టను పెనీ ఇరవై ఏళ్ళు దాచుకుని ఇక్కడ బయటికి తీసింది!

అంతా బాగుంది గానీ, అదే సినిమా అదే పిల్ల మొహం మీద జోకులు కూడా వేసింది. వార్తా చిత్రంలో అందరినీ దగ్గరగా చూపించి, మార్లాను మాత్రం మైదానం అవతల చుక్కంత చూపిస్తారు. ఆ దెబ్బ కెమెరా వాడికి తగులుతుంది గనుక సరే. నడక పాఠాల దగ్గర, ఈ పిల్లను ఏం చెయ్యమంటారంటే ఆటలు రాత్రిపూట పెట్టుకోమంటుంది టీచరు. ఆ దెబ్బ పిల్లకే తగిలింది. హాలంతా నవ్వుతుందని పెనీకి తెలుసు, సిట్‌కామ్ నేర్పిన లెక్క అది. ఆ ఒక్క నవ్వును వదులుకోలేకపోయింది. ఇన్నేళ్ళయినా ఆ నవ్వు నాకు ముల్లులాగే తగులుతుంది.

మైదానం బయటికి దొర్లిన బంతిని ఒక నల్లజాతి స్త్రీ తీసి, ఎదురుగా ఉన్న డాటీ తలమీదుగా ఎక్కడికో విసురుతుంది. ఆ లీగులో నల్లవాళ్ళకు చోటు లేదన్న సంగతి ఆ కాసిని క్షణాల్లోనే చెప్పారు. చెప్పింది పదునుగానే ఉంది, చాలదు.

ఆఖరి ఆటలో చెల్లెలు గుద్దుకుంటే అక్క చేతిలో బంతి జారిపోతుంది. అంతకు ముందు అలాంటి గుద్దే తగిలినా బంతి వదలని మనిషి! కావాలని వదిలిందని మా ఆడపడుచు, జారిపోయిందని నేను. ఎన్నిసార్లు చూసినా ఇద్దరిలో ఎవరూ జట్టు మారలేదు.

దానికి ముందు ఒక ఘట్టం ఉంది. ఆటకు తయారవుతున్న గదిలోకి యుద్ధ శాఖ టెలిగ్రామ్ వస్తుంది. ఈ అమ్మాయిల్లో ఎవరి మొగుడో పోయాడు. తెచ్చినవాడి దగ్గర పేరు సరిగ్గా లేదు, వెనక్కి పట్టుకుపోతానంటాడు. కోచ్‌గా వేసిన టామ్ హాంక్స్ లాక్కుని చదివి, నడుస్తూ వస్తాడు. డాటీ ముందుకు వచ్చి, దాటిపోతాడు. బెటీ దగ్గర ఆగుతాడు. బెటీ వేషం వేసింది ట్రేసీ రైనర్. పెనీ సొంత కూతురు, రెండో భర్త పెంచుకుని తన పేరిచ్చిన ఆ పిల్లే. కూతురు ఏడుస్తుంది, బాగానే ఏడుస్తుంది. మీరు మాత్రం ఒకసారి డాటీని చూడండి. కాగితం తనది కాదని తెలిసిన ఆ క్షణంలో కళ్ళల్లో ఊరట కనిపిస్తుంది, వెంటనే ఆ ఊరటకు సిగ్గు, ఆ తర్వాతే ఏడుపు.